మందపు చెక్కలో స్క్రోల్ సాతో నిటారుగా కోయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ని వెన్నలా కోసే స్క్రోల్ సా (సన్నని బ్లేడు పైకీ కిందకీ ఆడుతూ వంపులు కోసే రంపపు మిషన్), అంగుళంన్నర టేకు దిమ్మ పెట్టగానే మాట వినదు. పైన గీసిన గీత మీదే కోత సాగుతుంది. తిప్పి చూస్తే అడుగున రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటుంది. నేను కోసేవి ఎక్కువగా నిలబడే తెలుగు అక్షరాలు: గుమ్మం పక్కన పెట్టే ఇంటిపేర్లు, పిల్లల బల్లల మీద పెట్టుకునే పేర్లు. వాటికి 35 నుంచి 40 మి.మీ. మందం కావాలి, లేకపోతే నిలబడవు. ఈ పని నేర్చుకునేటప్పుడు నన్ను వేధించిన ప్రశ్నలూ, కొత్తగా మిషన్ కొన్నవాళ్ళు తరచూ అడిగేవీ ఇక్కడ రాస్తున్నాను. మందం అన్నప్పుడల్లా 25 నుంచి 50 మి.మీ. అనుకోండి. ఇళ్ళలో వాడే చాలా స్క్రోల్ సాల హద్దు 50 మి.మీ. దగ్గరే ఉంటుంది.

పల్చటి చెక్కలో కనిపించని తేడా మందపు చెక్కలో ఎందుకు వస్తుంది?

తేడా అక్కడా ఉంది, కంటికి ఆనలేదు, అంతే. చెక్కని ఆనించి కోసే మిషన్ టేబుల్ ఒక్క డిగ్రీ వాలి ఉందనుకోండి. 6 మి.మీ. చెక్కలో పైకీ కిందకీ తేడా 0.1 మి.మీ. మాత్రమే. అదే వాలు 50 మి.మీ. దిమ్మలో 0.87 మి.మీ. అవుతుంది. గుండ్రటి ముక్క కోస్తే ఆ తేడా రెండు వైపులా పడుతుంది కాబట్టి పై వ్యాసానికీ కింది వ్యాసానికీ దాదాపు 1.75 మి.మీ. తేడా వస్తుంది. నిలబడే అక్షరానికి పాదం కూడా కోసిన ముఖమే. పాదం ఒక డిగ్రీ తప్పితే, 150 మి.మీ. ఎత్తున్న అక్షరం తల రెండున్నర మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో వాలిపోతుంది. బల్ల మీద పెట్టగానే ఎవరి కంటికైనా తెలిసిపోతుంది.

రెండో కారణం బ్లేడు. అది అయిదు అంగుళాల పొడవున్న సన్నని ఉక్కు తీగలాంటిది. రెండు కొసల్లోనే దానికి పట్టు ఉంది, నడుమ ఏ ఆధారమూ లేదు. చెక్క మందం పెరిగేకొద్దీ బ్లేడు నడుము మీద భారం పెరుగుతుంది, అక్కడ వంగుతుంది. మందపు చెక్కతో పడే పాట్లలో సగం ఈ నడుము వంగడం వల్ల వచ్చేవే.

తప్పు టేబుల్‌దా, బ్లేడుదా, నా చేతిదా? ఎలా తెలుసుకోవాలి?

మీ దగ్గరున్న మందపు తుక్కు చెక్క ఒకటి తీసుకోండి. మధ్యలో ఒక రంధ్రం వేసి, బ్లేడుని దానిలోంచి దూర్చి, రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్ద వృత్తం కోయండి. మీరు ఎప్పుడూ ఎలా కోస్తారో అలాగే కోయండి, పరీక్ష కదా అని ప్రత్యేక జాగ్రత్త వద్దు. ఇప్పుడు ఆ బిళ్ళని వేలితో పైకి తోయండి, తరవాత కిందకి తోయండి.

రెండు వైపులా హాయిగా జారితే మీ కోత బాగుంది. ఒక వైపుకే జారి, రెండో వైపు బిగుసుకుంటే బిళ్ళ గరాటులా తెగింది. అంటే టేబుల్ వాలి ఉంది, లేదా మీ చెయ్యి చెక్కని మొదటి నుంచి చివరి దాకా ఒకే పక్కకి నొక్కుతోంది. ఎటూ రాకుండా మధ్యలో ఇరుక్కుపోతే బిళ్ళకి పొట్ట వచ్చింది. ఇది బ్లేడు నడుము వెనక్కి వంగడం వల్ల జరుగుతుంది. వృత్తం కోసేటప్పుడు వెనకబడిన నడుము కాస్త పెద్ద చుట్టు తిరుగుతుంది, అందుకే బిళ్ళ మధ్యలో లావెక్కుతుంది. బ్లేడు మొద్దుబారినా, టెన్షన్ (బ్లేడు బిగువు) చాలకపోయినా, మీరు తొందరపడి తోసినా ఇదే ఫలితం.

ఈ బిళ్ళ పరీక్ష తెలియక నేను చాలా రోజులు టేబుల్‌నే అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. పొట్ట వచ్చిన కోతకి టేబుల్ ఎంత సరిచేసినా ఉపయోగం లేదు. ముందు జబ్బేమిటో తెలుసుకోండి.

టేబుల్‌ని కచ్చితంగా 90 డిగ్రీలకి ఎలా పెట్టాలి?

టేబుల్ కింద ఉండే డిగ్రీల స్కేలుని నమ్మకండి. అది సుమారు కోసమే. బ్లేడు బిగించి, పని చేసేటప్పుడు ఉంచే టెన్షనే ఇచ్చి, చిన్న మూలమట్టాన్ని (గునియా అనేది ఇదే) టేబుల్ మీద నిలబెట్టి బ్లేడు పక్కకి ఆనించండి. వెనక లైటు పెట్టి చూస్తే సన్నని సందు కూడా కనిపిస్తుంది. పెద్ద మూలమట్టం బ్లేడు పై కొసని పట్టుకునే ఆర్మ్‌కి తగులుతుంది, అందుకని మూడు నాలుగు అంగుళాలది చాలు.

తరవాత మిషన్‌ని చేత్తో తిప్పి బ్లేడుని పైకీ కిందకీ నడిపించండి. మూలమట్టానికీ బ్లేడుకీ మధ్య సందు అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. బ్లేడు పైన ఉన్నప్పుడు ఒకలా, కిందకి వచ్చినప్పుడు ఒకలా ఉంటే బ్లేడు కొసలని బిగించే పై క్లాంపూ కింది క్లాంపూ ఒక వరసలో లేవని అర్థం. ఆ సంగతి చూడకుండా టేబుల్ ఎంత తిప్పినా లాభం లేదు.

అసలు తీర్పు మాత్రం గాడి పరీక్షదే. 40 మి.మీ. దిమ్మ అంచున రెండు మిల్లీమీటర్ల లోతు గాడి కోసి, మిషన్ ఆపండి. దిమ్మని టేబుల్ మీదే సగం చుట్టు తిప్పి, బ్లేడుకి వెనక వైపుకి తీసుకెళ్ళి, ఆ గాడిలోకి బ్లేడు వెనక అంచుని దూర్చండి. సాఫీగా దూరితే టేబుల్ 90 డిగ్రీల్లో ఉంది. పైనో కిందో తగులుకుంటే వాలి ఉంది. దిమ్మ తిప్పాం కాబట్టి ఇక్కడ వాలు రెండింతలై కనిపిస్తుంది. మూలమట్టంతో కంటికి అందని తప్పు కూడా ఇక్కడ దొరికిపోతుంది. నేను మందపు చెక్క ముట్టే ప్రతిసారీ ఈ పరీక్ష చేస్తాను. రెండు నిమిషాల పని.

బ్లేడు ముందుకో వెనక్కో వాలితే నష్టమా?

తిన్నని కోతకి పెద్ద నష్టం లేదు. సన్నని మలుపుల్లోనే తెలుస్తుంది: పైన మలుపు తిరిగిన చోట అడుగున ఇంకా తిరగదు. మూలమట్టాన్ని బ్లేడు వెనక నుంచి ఆనించి చూడండి. స్ట్రోక్‌లో (పైకీ కిందకీ కదిలే కదలికలో) బ్లేడు కాస్త ముందుకీ వెనక్కీ ఊగడం చాలా మిషన్లలో ఉంటుంది, కోత వేగంగా సాగడానికి అది పనికొస్తుంది కూడా. బాగా ఎక్కువగా ఊగుతుంటే మీ మిషన్ మాన్యువల్‌లో సరిచేసే పద్ధతి ఉందేమో చూడండి. కొన్నిట్లో వీలవుతుంది, కొన్నిట్లో కాదు.

ఏ నంబరు బ్లేడు వాడాలి?

నంబరు పెరిగేకొద్దీ బ్లేడు వెడల్పూ మందమూ పెరుగుతాయి. పల్చటి చెక్కకి 1, 3, 5 వాడతాం. 25 మి.మీ. దాటితే 7తో మొదలుపెట్టండి. 35 మి.మీ. పైన గట్టి చెక్క అయితే 9 మంచిది. 50 మి.మీ. టేకు లాంటిదానికి, సన్నని మలుపులు లేకపోతే 12 కూడా బాగుంటుంది. 5 నంబరు బ్లేడు వెడల్పు సుమారు ఒక మిల్లీమీటరు, 9ది సుమారు 1.3 మి.మీ. ఆ కాస్త తేడాతోనే బ్లేడు నడుముకి చాలా బలం వస్తుంది.

నంబరు కంటే పళ్ళ మధ్య సందు ముఖ్యమని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను. మామూలు స్క్రోల్ సా స్ట్రోక్ 19 మి.మీ. ఉంటుంది. చెక్క మందం 40 మి.మీ. అనుకోండి. చెక్క మధ్యలో ఉన్న పళ్ళు పైకీ కిందకీ ఎంత తిరిగినా బయటికి రావు, ఎప్పుడూ చెక్క లోపలే ఉంటాయి. అవి గీకిన పొట్టు ఒక్కో స్ట్రోక్‌కి 19 మి.మీ. చొప్పున కిందకి జరుగుతూ మెల్లగా బయటపడాలి. సందులు ఇరుకైతే పొట్టు అక్కడే కూరుకుపోతుంది. కూరుకుపోయిన పొట్టు బ్లేడుని పక్కకి తోస్తుంది, రాపిడి పెరిగి చెక్క నల్లబడుతుంది. అందుకే ఒక పన్ను వదిలి ఒక పన్ను ఉండే స్కిప్ టూత్ బ్లేడు తీసుకోండి. అంగుళానికి పది, పన్నెండు పళ్ళు ఉంటే చాలు.

రివర్స్ టూత్ బ్లేడుకి అడుగున కొన్ని పళ్ళు తలకిందులుగా ఉంటాయి. అవి అడుగు అంచు చిట్లకుండా కాపాడతాయి, నిజమే. కానీ కిందకి పోవాల్సిన పొట్టులో కొంత మళ్ళీ పైకి తెస్తాయి. పల్చటి ప్లైవుడ్‌కి అవే వాడతాను, మందపు చెక్కకి వాడను. అడుగు చిట్లితే ఉప్పుకాగితంతో రుద్దుకోవచ్చు, వంకర కోతని రుద్ది సరిచేయడం కష్టం. ఒంటి చుట్టూ పళ్ళుండే స్పైరల్ బ్లేడు ఈ పనికి అసలు వద్దు. మన దగ్గర తక్కువ ధరకి దొరికే కొన్ని మిషన్లు కొసల్లో పిన్ను ఉన్న బ్లేడునే పట్టుకుంటాయి. కొనేముందు పిన్ను లేని బ్లేడు కూడా పడుతుందో లేదో అడగండి, మంచి బ్లేడ్లలో ఎక్కువ భాగం అవే.

టెన్షన్ ఎంత ఉండాలి?

బ్లేడుని వేలితో మీటి చూడండి. తంబురా తీగలా ఖంగుమనాలి. డబ్‌డబ్‌మని చప్పగా మోగితే వదులుగా ఉంది. ఇంకో గుర్తు: మిషన్ ఆపి, బ్లేడు నడుముని వేలితో పక్కకి నొక్కితే మూడు మిల్లీమీటర్లకి మించి జరగకూడదు. మందపు చెక్కకి నేను ఇంకొంచెం బిగిస్తాను. ఎక్కువైతే బ్లేడు తెగుతుందని భయపడతారు. కానీ పెద్ద నంబరు బ్లేడు టెన్షన్ ఎక్కువై తెగడం అరుదు, మొద్దుబారాక తోస్తే తెగడమే ఎక్కువ.

కోత మధ్యలో టెన్షన్ దానంతట అదే తగ్గుతోందంటే బ్లేడు క్లాంపులో జారుతోంది. కొత్త బ్లేడుకి తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంటుంది. రెండు కొసలనీ ఉప్పుకాగితంతో ఒకసారి రుద్ది బిగించండి. క్లాంపు లోపలి మొహాలని కూడా అప్పుడప్పుడు తుడవండి.

తిన్నగా తోస్తున్నా కోత ఒక పక్కకి లాగుతోంది. మిషన్ పాడైందా?

పాడవలేదు. చాలా బ్లేడ్ల పళ్ళని తయారీలో ఒక వైపు నుంచి కోస్తారు. దానివల్ల ఒక పక్క అంచు కాస్త కరుకుగా మిగులుతుంది, ఆ పక్క ఎక్కువ తింటుంది. సాధారణంగా అది కుడి పక్క. అందుకని చెక్కని కొన్ని డిగ్రీలు వాలుగా పట్టుకుని తోయాలి. ఒక తిన్నని గీత గీసి, దాని మీద నడిపిస్తూ మీ బ్లేడు ఎంత వాలు కోరుతుందో చూసుకోండి. నాలుగైదు బ్లేడ్లు వాడేసరికి చేతికి అలవాటైపోతుంది.

బ్యాండ్ సాకో (ఉంగరంలా చుట్టు తిరిగే బ్లేడున్న రంపం) టేబుల్ సాకో (బల్లలోంచి పైకి వచ్చే గుండ్రటి రంపం) పెట్టినట్టు గైడు పట్టీ పెట్టి తిన్నగా కోయాలని ప్రయత్నించకండి. బ్లేడు ఒక పక్కకి లాగుతుంటే పట్టీ ఇంకో పక్క అడ్డుపడుతుంది, రెండిటి మధ్యా బ్లేడు వంగిపోతుంది.

ఎంత వేగం పెట్టాలి? ఎంత గట్టిగా తోయాలి?

వేగం మధ్యస్థంగా, తోయడం చాలా మెల్లగా. నన్నడిగితే ఈ పేజీ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సిన సమాధానం ఇదే. చెక్కని బ్లేడు దగ్గరికి తీసుకెళ్ళడమే మీ పని, కోయడం బ్లేడు పని. మీరు తోసే తోపు బ్లేడు తినే వేగాన్ని మించిందంటే ఆ మిగిలిన తోపంతా బ్లేడు నడుముని వంచడానికే పోతుంది.

చెవితో వినండి. బ్లేడు సుఖంగా కోస్తుంటే ఒకే శ్రుతిలో మోగుతుంది. ఆ శబ్దం బరువెక్కినప్పుడు చెయ్యి వదులు చేయండి. పక్క నుంచి బ్లేడు వైపు చూడండి: చెక్క పైనుంచి కనిపించే భాగం వెనక్కి వాలి ఉందంటే లోపల ఇంకా ఎక్కువ వంగి ఉంటుంది. 40 మి.మీ. టేకులో ఒక అక్షరం పూర్తి కావడానికి నాకు అరగంట పైనే పడుతుంది. అంత సేపు పడుతుందని ముందే తెలిస్తే చెయ్యి తొందరపడదు.

పక్కకి నొక్కడం ఇంకో పొరపాటు. గీత తప్పినప్పుడు చెక్కని పక్కకి జరిపి గీత మీదకి తేవాలనిపిస్తుంది. పైన గీత కలుస్తుంది, అడుగున కలవదు. జరపకండి, తిప్పండి. చెక్క ముక్కుని గీత వైపు కాస్త తిప్పి, నాలుగైదు మిల్లీమీటర్ల దూరంలో మెల్లగా కలిసేలా పోనివ్వండి.

మూలల్లో, మలుపుల్లో కోత ఎందుకు చెడుతుంది?

మలుపు దగ్గరికి వచ్చేసరికి బ్లేడు నడుము ఎంతో కొంత వెనకబడి ఉంటుంది. పైన మీకు మూల వచ్చినట్టే కనిపిస్తుంది, చెక్క లోపల ఇంకా రాలేదు. అప్పుడు తిప్పితే లోపల మూల గుండ్రమైపోతుంది. మందు ఒకటే: ఆగండి. మూలకి చేరగానే తోయడం ఆపి, మిషన్ నడుస్తుండగానే రెండు మూడు సెకన్లు చెక్కని అలా పట్టుకోండి. బ్లేడు తనంతట తాను తిన్నగా అవుతుంది, వెనకబడిన భాగం తెగుతుంది. అప్పుడు తిప్పండి.

వెడల్పు బ్లేడు ఉన్నచోటే గిరుక్కున తిరగదు. వీలున్నచోట పారేసే భాగంలోకి పోయి, ఒక చుట్టు తిరిగి, కొత్త దిక్కులో గీత మీదకి రండి. తెలుగు అక్షరాల్లో ఒక హాయి ఉంది: తిన్నని మూలలు తక్కువ, నిండు గుండ్రాలు ఎక్కువ. తలకట్టు కలిసే చోట ఉండే ఆ చిన్న సందు మాత్రం ఓపిక పరీక్షిస్తుంది. అక్కడ రెండు వైపుల నుంచీ విడివిడిగా వచ్చి కలుపుతాను.

చెక్క నల్లగా కాలుతోంది. ఏం చేయాలి?

అక్షరం గీసి చెక్క మీద అతికించే నమూనా కాగితం మీద పార్సిల్‌కి వేసే పారదర్శక టేపు అతికించండి. ఇది నిజంగా పనిచేస్తుంది, కాలడం బాగా తగ్గుతుంది. వేగం కొంచెం తగ్గించండి. అయినా కాలుతుంటే బ్లేడు మార్చండి. మందపు గట్టి చెక్కలో బ్లేడు మీరనుకున్నదానికంటే చాలా ముందే మొద్దుబారుతుంది. ఇంకా తెగుతోంది కదా అని సాగదీస్తే నష్టపోయేది చెక్క. బ్లేడు కంటే చెక్క ఖరీదు ఎక్కువ.

ఏ చెక్కతో మొదలుపెట్టాలి?

ముడులు లేని, సమానమైన చారలున్న మెత్తటి చెక్కతో. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకి వాడే పొనికి చాలా తేలిక, చాలా మెత్తన. దొరికితే చేతిని అలవాటు చేసుకోవడానికి అంతకన్నా మంచిది లేదు. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర కూడా సన్నని చారతో నున్నగా తెగుతుంది. టేకు చూడడానికి అందంగా ఉంటుంది, తెగడానికీ పేచీ పెట్టదు. కానీ దానిలో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, అది బ్లేడు పదునుని తినేస్తుంది. తుమ్మ లాంటి చేవ గల కర్రలు మందంగా ఉంటే మొదటి ఏడాది వద్దు.

పైన్ మెత్తనే కదా అనుకుంటారు. దానిలో ఒక మెత్తటి చార, ఒక గట్టి చార పక్కపక్కనే ఉంటాయి. దిమ్మ కొసన చూడండి. చారలు ఏటవాలుగా దిగుతుంటే, బ్లేడు గట్టి చారని కోయలేక దాని వెంబడే జారుతుంది. టేబుల్ సరిగ్గా ఉన్నా కోత వాలుతుంది. కొసన చారలు నిలువుగానో అడ్డంగానో ఉన్న దిమ్మని ఎంచుకోండి.

దిమ్మని ఎలా సిద్ధం చేయాలి?

అడుగు చదునుగా ఉండాలి. చిత్రిక పట్టించి, గాజు పలక మీద పెట్టి చూడండి. కాస్త ఊగినా ఆ ఊపంతా కోతలోకి వస్తుంది. కోసేటప్పుడు అడుగు అంచున లేచే చిన్న పీచు కూడా దిమ్మని ఎత్తుతుంది. నేను మధ్యమధ్యలో ఆగి అడుగుని అరచేత్తో తడిమి, పీచుంటే గీకేస్తాను. ఎత్తు ఎక్కువ, పాదం తక్కువ ఉన్న ముక్కలైతే చుట్టూ పారేసే చెక్కని చివరిదాకా ఉంచండి, అది వెడల్పు పీఠంలా నిలబెడుతుంది.

లోపల రంధ్రాలున్న అక్షరాలు ఎలా కోయాలి?

‘ర’ లోపలి బిళ్ళ తీయాలంటే ముందు బ్లేడు దూర్చడానికి రంధ్రం కావాలి. ఆ రంధ్రం నిటారుగా ఉండాలి. చేతి డ్రిల్లుతో వేస్తే 40 మి.మీ. లోతులో వాలడం ఖాయం. వాలిన రంధ్రంలో బ్లేడు కోత మొదలుకాకముందే గోడకి తగిలి వంగి ఉంటుంది. డ్రిల్ ప్రెస్ (నిటారుగా దిగే స్టాండు డ్రిల్లు) వాడండి. లోపలి కోతలు ముందు, బయటి అంచు ఆఖరున. ‘ఠ’, ‘థ’ లోపలి చుక్క విడిగా ఊడిపోతుందని గీసేటప్పుడే గుర్తుంచుకోండి. నేను చుక్కకీ అంచుకీ మధ్య సన్నని వంతెన వదులుతాను.

రెండు ముఖాల మీద కోసే బొమ్మలకి ఇంకేమైనా జాగ్రత్త ఉందా?

ఉంది. చదరంగం పావుల్లాంటివి ఒక ముఖం కోసి, ముక్కలన్నీ మళ్ళీ పేర్చి టేపు చుట్టి, పక్కకి తిప్పి రెండో ముఖం కోస్తాం. దిమ్మ నాలుగు మూలలూ కచ్చితంగా 90 డిగ్రీలు లేకపోతే రెండు నమూనాలూ కలవవు. మొదటి కోతలో పొట్ట వస్తే కోసిన పావు ఆ దిమ్మలోంచి ఊడిరాదు. ఈ పనికి దిగేముందు బిళ్ళ పరీక్ష నెగ్గి ఉండాలి.

కాస్త పొట్ట వచ్చేసింది. సరిచేయొచ్చా?

అర మిల్లీమీటరు లోపు అయితే, బయటి అంచుని డిస్క్ సాండర్ (ఉప్పుకాగితం అంటించిన తిరిగే పళ్ళెం) మీద, లోపలి గుండ్రాలని గుండ్రటి కర్రకి చుట్టిన ఉప్పుకాగితంతో రుద్దండి. అంతకు మించితే ఇంకో దిమ్మ తీసుకోవడమే తక్కువ శ్రమ.

మాస్క్ నిజంగా అవసరమా?

అవసరం. మందపు చెక్క నుంచి వచ్చే సన్నని పొట్టు గంటల తరబడి మొహం ముందే లేస్తుంది. చెక్క దుమ్ముని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చి చాలా ఏళ్ళయింది. ఎన్95 మాస్క్, కళ్ళద్దాలు పెట్టుకునే మిషన్ స్విచ్ వేయండి.

ఎప్పుడు స్క్రోల్ సా వదిలి బ్యాండ్ సా పట్టుకోవాలి?

లోపల రంధ్రాలు లేకుండా, పెద్ద వంపులతో, 50 మి.మీ. దగ్గర మందంతో ఉన్నది ఏదైనా బ్యాండ్ సాకి ఇచ్చేయండి. దాని బ్లేడు ఒకే దిక్కులో తిరుగుతుంది, పొట్టుని ప్రతి చుట్టులోనూ బయటికి ఈడ్చేస్తుంది. నేను పెద్ద అక్షరాల బయటి రూపాన్ని మా వీధి వడ్రంగి దుకాణంలో బ్యాండ్ సా మీద గీతకి రెండు మిల్లీమీటర్లు అవతలగా కోయించుకుని తెచ్చుకుంటాను. మిగిలిన ఆ రెండు మిల్లీమీటర్లూ, లోపలి గుండ్రాలూ ఇంట్లో స్క్రోల్ సా మీద, నా తీరికలో.